ఎదిగే వయసులో ఆటలాడే పిల్లల మోకాలి నొప్పి: విశాఖ తల్లిదండ్రులు, కోచ్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి శిక్షణ శిబిరాలు మొదలైన రెండో వారం నుంచి ఒకసారి, స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు ముందు మరోసారి ఇవే సందేహాలు వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది. ఇది చదివితే డాక్టరు పరీక్ష అక్కర్లేదని కాదు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో, ఇంట్లో ఏం చేయాలో, గ్రౌండ్‌లో ఏం మార్చాలో తెలియడానికి ఇది.

## నొప్పి కొత్తగా మొదలైనప్పుడు

మా బాబుకి పదమూడేళ్ళు. కబడ్డీ ఆడొచ్చాక మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి నొప్పంటున్నాడు. ఏమిటిది?

చాలావరకు ఇది ఆస్గుడ్–ష్లాటర్. 1903లో అమెరికాలో ఆస్గుడ్, స్విట్జర్లాండ్‌లో ష్లాటర్ విడివిడిగా దీన్ని వర్ణించారు, అందుకే ఇద్దరి పేర్లూ కలిశాయి. తొడ ముందు కండరం మోకాలి చిప్ప మీదుగా దిగి, గట్టి టెండన్‌గా మారి, కాలి ఎముక పైభాగంలో ఉండే చిన్న ఎత్తు మీద అతుక్కుంటుంది. పెద్దవాళ్ళలో ఆ ఎత్తు గట్టి ఎముక. ఎదిగే పిల్లల్లో మాత్రం అక్కడ ఇంకా మెత్తటి మృదులాస్థి ఉంటుంది. గెంతినా, పరుగెత్తినా, ఒక్కసారిగా ఆగినా కండరం ఆ మెత్తటి చోటునే లాగుతుంది. రోజూ లాగుడు పడితే అక్కడ వాపు, నొప్పి వస్తాయి, ఎముక కూడా కాస్త ముందుకు పెరుగుతుంది. మీకు కనిపిస్తున్న బొడిపె అదే.

ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. మరి ఎందుకొచ్చింది?

దీనికి దెబ్బ అక్కర్లేదు. ఎముక త్వరగా పొడవు పెరుగుతున్న నెలల్లోనే ఆట కూడా ఒక్కసారిగా పెరిగితే చాలు. వారానికి మూడు రోజులు ఆడే పిల్లవాణ్ణి మే నెలలో శిబిరంలో చేర్పించి, ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, వారానికి ఆరు రోజులు ఆడించారనుకోండి. ఆ మార్పును కండరం తట్టుకున్నా ఎదుగుతున్న ఎముక అంచు తట్టుకోదు. సిమెంటు కోర్టు మీద వాలీబాల్, బాడ్మింటన్, అరిగిపోయిన కాన్వాస్ షూ ఉంటే భారం ఇంకా ఎక్కువ. ఫాస్ట్ బౌలింగ్ చేసే పిల్లల్లో ముందు కాలికి ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే ప్రతి బంతికీ ఒళ్ళంతా ఆ కాలి మీదే ఆగుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఇంట్లో ఎలా పోల్చుకోవాలి?

బొటనవేలుతో నొక్కి చూడండి. పిల్లల్ని మంచం అంచున కూర్చోబెట్టి కాళ్ళు వేలాడనివ్వండి. మోకాలి చిప్ప కింది కొస నుంచి వేలిని మెల్లగా కిందికి జరపండి. రెండు మూడు వేళ్ళ వెడల్పు దిగాక ఎముక ఎత్తుగా తగులుతుంది. సరిగ్గా అక్కడ నొక్కితే ఉలిక్కిపడితే ఆస్గుడ్–ష్లాటర్ అనుకోవచ్చు. చిప్ప కింది కొస దగ్గరే నొప్పైతే అది సిండింగ్–లార్సెన్–జొహాన్సన్. అదీ ఎదుగుదల నొప్పే, ఇంకాస్త చిన్న వయసులో, పది నుంచి పదమూడేళ్ళ మధ్య కనిపిస్తుంది. జాగ్రత్తలు దాదాపు ఒకటే. ఏ ఒక్కచోటూ చూపించలేక, చిప్ప చుట్టూ అరచేయి తిప్పుతూ "ఇక్కడంతా" అంటే చిప్ప వెనక భాగం మీద ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి కావచ్చు.

తర్వాత, వంచిన మోకాలిని చాపమని చెప్పి చీలమండ దగ్గర మీ చేత్తో అడ్డుపట్టండి. ఆ బొడిపె దగ్గరే నొప్పి పుడితే అనుమానం బలపడినట్టే. చాపనివ్వని చేయి గట్టిగా ఉండాలే తప్ప, కాలిని వెనక్కి నెట్టకూడదు.

ఆడపిల్లలకీ వస్తుందా? మా పాపకి పదకొండే.

వస్తుంది. ఆడపిల్లల్లో ఎత్తు పెరిగే ఉరవడి ముందే మొదలవుతుంది కాబట్టి పది, పన్నెండేళ్ళ మధ్యే ఎక్కువ. మగపిల్లల్లో పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య. నూటికి ఇరవై, ముప్ఫై మందికి రెండు మోకాళ్ళలోనూ ఉంటుంది.

మా చిన్నవాడు రాత్రుళ్ళు కాళ్ళు లాగుతున్నాయని ఏడుస్తాడు, పొద్దున్నే మామూలుగా పరుగెత్తుతాడు. అదీ ఇదేనా?

కాదు. మూడు నుంచి పన్నెండేళ్ళ పిల్లల్లో సాయంత్రాలు, రాత్రుళ్ళు రెండు కాళ్ళ పిక్కల్లో, తొడల్లో, మోకాలి వెనక వచ్చి తెల్లారేసరికి పోయే నొప్పి వేరు. వాపు ఉండదు, కుంటడు, నొక్కితే నొప్పి ఉండదు. మెల్లగా ఒత్తితే తగ్గుతుంది. ఒక్క కాలికే, అదీ ఎప్పుడూ ఒకే చోట, రోజురోజుకీ పెరుగుతూ వస్తుంటే మాత్రం ఈ కోవలో వేసి వదిలేయకండి. డాక్టరుకి చూపించండి.

## ఇది అదే నొప్పా అని తేల్చుకునేటప్పుడు

ఎలాంటి లక్షణాలుంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు?

ఈ జవాబు పిల్లల్ని ఆడించే ప్రతివాళ్ళకీ తెలియాలి. ఎదుగుదల నొప్పి అని తేలిగ్గా తీసుకోవడం వల్లే అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

గెంతుతుండగా ఠప్పుమని శబ్దమై, కింద పడి, కాలు నిటారుగా పైకి ఎత్తలేకపోతే ఆ ఎముక ఎత్తు ఊడి వచ్చి ఉండవచ్చు. పదమూడు నుంచి పదహారేళ్ళ మగపిల్లల్లో ఎక్కువగా చూస్తాం. కాలి ముందు భాగం బిగుసుకుపోయి రక్తప్రసరణకు అడ్డొచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి కాలు కదలకుండా పలకకు కట్టి అదే గంటలో ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

మోకాలు మెలితిరిగి గంటా రెండు గంటల్లో మొత్తం ఉబ్బితే లోపల లిగమెంటు తెగిందేమో చూడాలి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం, మాటిమాటికీ నీరు చేరడం ఉంటే కీలు లోపలి ఎముక, మృదులాస్థి పరీక్షించాలి. జ్వరంతో పాటు మోకాలు వేడెక్కి ఎర్రబడితే కీలులో చీము పట్టి ఉండవచ్చు, ఆ రోజే చూపించాలి.

ఆటతో సంబంధం లేకుండా విశ్రాంతిలోనూ ఉండే నొప్పి, నిద్రలోంచి లేపే నొప్పి, వారాల తరబడి పెరిగే గట్టి వాపు, బరువు తగ్గడం: ఇవి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. టీనేజీ పిల్లల్లో ఎముక క్యాన్సర్ అరుదే, కానీ వచ్చినప్పుడు ఎక్కువగా మోకాలి చుట్టుపక్కలే వస్తుంది. ఆస్గుడ్–ష్లాటర్ ఆడితే పెరుగుతుంది, ఆగితే తగ్గుతుంది. ఆ లెక్కకు లొంగని నొప్పిని నమ్మకండి.

మోకాలు నొప్పని తీసుకెళ్తే డాక్టరు తుంటి చూశారు. ఎందుకు?

తుంటిలో జబ్బు ఉన్నా నొప్పి తొడలోనూ మోకాల్లోనూ తెలుస్తుంది. పది, పదహారేళ్ళ మధ్య, ముఖ్యంగా బరువెక్కువ ఉన్న పిల్లల్లో తొడ ఎముక తల ఎదుగుదల పలక (ఎముక పొడవు పెరిగే మెత్తటి పొర) దగ్గర జారిపోవచ్చు. అలాంటివాళ్ళు కుంటుతారు, పాదం బయటికి తిరిగి ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు పొట్టవైపు వంచితే కాలు తనంతట తానే పక్కకు తిరిగిపోతుంది. దానికి తొందరగా ఆపరేషన్ కావాలి, అప్పటిదాకా ఆ కాలి మీద బరువు వేయనివ్వకూడదు. మోకాలి ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన ఇది లేదనుకోకూడదు.

ఎక్స్‌రేలో చిన్న ముక్క విడిగా కనిపిస్తోంది. ఎముక విరిగిందా?

సాధారణంగా కాదు. ఈ వయసులో ఆ ఎత్తు వేరే కేంద్రం నుంచి ఎముకగా మారి తర్వాత అతుక్కుంటుంది. కాబట్టి నొప్పి లేని కాలిలోనూ అది విడిగానే కనిపించవచ్చు. అసలు లక్షణాలు సరిగ్గా సరిపోతే ఎక్స్‌రే కూడా అక్కర్లేదు, చేత్తో పరీక్షిస్తే చాలు. ఒక్క కాలికే ఉండి అనుమానంగా ఉన్నా, దెబ్బ తగిలి మొదలైనా పక్కనుంచి ఒక ఎక్స్‌రే తీస్తారు. ఎమ్మారై చాలా కొద్దిమందికే అవసరం. ఆ ఖర్చు ఫిజియో దగ్గర పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఎవరికి చూపించాలి? ఏం తీసుకెళ్ళాలి?

ఎముకల డాక్టరుకి. విశాఖలోని ప్రభుత్వాస్పత్రులు కేజీహెచ్‌లో, హనుమంతవాక దగ్గర విమ్స్‌లో కూడా చూపించవచ్చు. షార్ట్స్ వేసి తీసుకెళ్ళండి, ప్యాంటు పైకి మడిస్తే తుంటి పరీక్ష కుదరదు. ఆట షూ తీసుకెళ్ళండి. గత నాలుగు వారాల్లో ఏ రోజు ఎన్ని గంటలు ఆడారో ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. డాక్టరుకి అన్నిటికంటే పనికొచ్చేది ఆ కాగితమే.

## నొప్పి తగ్గించుకునే మొదటి నెల

ఆట పూర్తిగా మాన్పించెయ్యాలా?

అక్కర్లేదు, కుంటుతుంటే తప్ప. నెలల తరబడి మంచం మీద ఉంచితే తొడ కండరం సన్నబడుతుంది, తిరిగి ఆడిన మొదటి వారమే నొప్పి తిరగబెడుతుంది. అలాగని ఎప్పటిలాగే ఆడనిస్తే ఎన్నాళ్ళైనా తగ్గదు.

నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె చెప్పడం పిల్లలకి నేర్పండి. సున్నా, ఒకటి, రెండు ఉంటే ఆ పని చేయవచ్చు. మూడు నుంచి ఐదు ఉంటే తగ్గించి చేయాలి, మర్నాటి పొద్దుటికి మళ్ళీ మొదటి స్థాయికి దిగాలి. ఐదు దాటితే ఆపేయాలి. మొదటి నాలుగు వారాలు గెంతడం, గట్టి పరుగు, హఠాత్తుగా దిశ మార్చడం తీసేయండి. ఈత, గేరు తేలిక చేసి సీటు ఎత్తు పెంచిన సైకిలు, చదును నేల మీద నడక ఉంచండి. క్రికెటరైతే నిలబడి బ్యాటింగ్, దగ్గరి క్యాచ్‌లు. వాలీబాలైతే నేల మీద నిలబడి పాసింగ్, సర్వీస్. పిల్లవాడు జట్టుతోనే ఉంటాడు, మోకాలికి ఊపిరి దొరుకుతుంది.

పీఈటీ సార్‌కి ఎలా చెప్పాలి? ఏం చేయకూడదని చెప్పాలి?

"నొప్పిగా ఉంది, చూసుకోండి" అంటే సరిపోదు. పేర్లు పెట్టి చెప్పండి: కప్పగంతులు వద్దు, గుంజీలు వద్దు, డక్ వాక్ వద్దు, మెట్ల మీద పరుగు వద్దు, మోకాళ్ళ మీద కూర్చోబెట్టే శిక్ష అసలే వద్దు. ఆలస్యంగా వచ్చినందుకు యాభై గుంజీలు తీయించడం అనేది ఇంకా చాలా గ్రౌండ్లలో ఉంది. ఎదిగే మోకాలికి అంతకంటే చెడ్డ పని లేదు. చేయగలిగినవి కూడా చెప్పండి, అప్పుడు సార్ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టరు.

ఐసు పెట్టాలా, కాపడం పెట్టాలా?

ఆడాక ఐసు. ముక్కలు తడిగుడ్డలో చుట్టి బొడిపె మీద 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి. నేరుగా చర్మానికి తగిలిస్తే కాలుతుంది. కాపడం వాపు ఉన్నచోట పనికిరాదు. తొడ కండరం బిగుసుకుంటే దాని మీద పెట్టుకోవచ్చు.

మాత్ర వేసి ఆడించవచ్చా?

వద్దు. ఎక్కడ ఆపాలో చెప్పేది నొప్పే. దాన్ని మాత్రతో నొక్కేసి ఆడిస్తే ఆ సాయంత్రం నొప్పి రెట్టింపవుతుంది. ఇంట్లో బాగా బాధపడుతుంటే పారాసెటమాల్ కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 40 కిలోల పిల్లవాడికి 500 మాత్ర ఒకటి సరిపోతుంది. ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకి నాలుగు దాటకూడదు. ఇబుప్రొఫెన్ లాంటివి డాక్టరు చెబితేనే, కొద్దిరోజులకే. వానాకాలంలో జ్వరం కూడా ఉంటే డెంగ్యూ కాదని తేలేదాకా వాటిని ముట్టుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఆ బొడిపెలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎవరు వేస్తామన్నా ఒప్పుకోవద్దు. టెండన్ బలహీనపడుతుంది, చర్మం పలుచబడుతుంది.

నూనె పెట్టి మర్దన చేయిస్తే? నాటు కట్టు కట్టిస్తే?

తొడకీ పిక్కకీ మెల్లగా మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. బొడిపె మీద మాత్రం బొటనవేలితో గట్టిగా రుద్దకూడదు, లాగుడు పడి పుండైన చోటును ఇంకా రేపినట్టే. కట్టు కట్టి మూడు వారాలు మోకాలు కదలకుండా చేస్తే నొప్పి తగ్గినట్టే అనిపిస్తుంది. కట్టు విప్పాక చూస్తే తొడ సన్నబడి ఉంటుంది. ఇక్కడ విరిగింది ఏమీ లేదు, అతకాల్సిందీ లేదు.

మెట్లు, కింద కూర్చోవడం, కొండ ఎక్కడం ఎలా?

బాసింపట్టు వేసుకోవచ్చు. వజ్రాసనం, గొంతుకూర్చోవడం కొన్నాళ్ళు మానాలి. నమాజుకి, చర్చిలో ప్రార్థనకి మోకాళ్ళూనాల్సి వస్తే కింద మందపాటి దిండు వేయండి. మరుగుదొడ్డి కమోడ్ అయితే మేలు. మెట్లు ఎక్కడం కంటే దిగడం ఎక్కువ నొప్పి కాబట్టి రెయిలింగ్ పట్టుకుని, బాగున్న కాలు పైమెట్టు మీదే ఉంచి నొప్పి కాలిని ముందు కిందికి దించాలి. సింహాచలం మెట్లు, 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ ఈ ఏడాదికి వాయిదా వేయండి.

మోకాలి బెల్టు పనిచేస్తుందా?

చిప్పకీ బొడిపెకీ మధ్య కట్టే సన్నటి పట్టీ కొంతమందికి ఆడేటప్పుడు ఉపశమనం ఇస్తుంది. జబ్బు నయం చేయదు. కబడ్డీ, వాలీబాల్ పిల్లలకి మెత్తటి నీ ప్యాడ్ దానికంటే ఉపయోగం, ఎందుకంటే బొడిపె నేలకి తగిలితే వారం పాటు సలుపుతుంది.

కాల్షియం తక్కువేమో అంటున్నారు. టానిక్ వాడమంటారా?

ఈ నొప్పి కాల్షియం లోపం వల్ల వచ్చేది కాదు. కాకపోతే ఎదిగే ఎముకకి అది కావాలి: పది, పన్నెండేళ్ళ వాళ్ళకి రోజుకి 850 మిల్లీగ్రాములు, పదమూడు నుంచి పదిహేనేళ్ళ వాళ్ళకి 1000. చోడి (రాగి) అంబలి, పాలు, పెరుగు, మునగాకు, ముళ్ళతో తినే చిన్నచేపలు ఇంట్లో ఉంటే టానిక్ అక్కర్లేదు. పగలంతా క్లాసులో, సాయంత్రం ఇండోర్ హాల్లో ఉండే పిల్లలకి విటమిన్ డి ఒకసారి చూపించడం మంచిది.

## బలం పెంచి తిరిగి ఆటలోకి

ఏ వ్యాయామాలు, ఎన్నిసార్లు?

మొదటి నెల: కాలు చాపి కూర్చుని మోకాలి కింద మడత తువ్వాలు పెట్టి, మోకాలితో దాన్ని నేలకేసి నొక్కి 10 సెకన్లు ఉంచాలి. ఇలా పదిసార్లు, రోజూ. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, పదేసి చొప్పున మూడు విడతలు.

ఐదో వారం నుంచి, రోజు విడిచి రోజు: గోడకి వీపు ఆనించి కుర్చీలో ఉన్నట్టు జారి 30 సెకన్లు నిలవాలి, మూడుసార్లు. మొదట కొద్దిగానే జారండి. నొప్పి పదికి రెండు దాటకుండా ఉంటే వారానికి కాస్త కిందికి వెళ్ళవచ్చు. తర్వాత మామూలు స్క్వాట్లు, ఆపైన ముందుకు అడుగేసి వంగే లంజ్‌లు, పదేసి మూడు విడతలు. లంజ్‌లో మోకాలు లోపలికి వాలుతోందేమో ఎదురుగా నిలబడి చూడండి. వాలుతుంటే తుంటి పక్క కండరం బలహీనంగా ఉన్నట్టు. పక్కకి పడుకుని కాలు పైకెత్తడం కలపండి.

ఎక్కువమంది చేసే పొరపాటు, నొప్పి పోయిందని మూడో వారానికే ఇవి మానేయడం. పన్నెండు వారాలు చేయాలి.

మడమ పట్టుకుని పిర్రలకి ఆనించి తొడ సాగదీస్తున్నాం. మంచిదేనా?

నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో మంచిది కాదు. మోకాలు పూర్తిగా ముడిస్తే టెండన్ ఆ బొడిపెనే గట్టిగా లాగుతుంది. అప్పటికి తొడ వెనక కండరం, పిక్క సాగదీయండి, ఒక్కోటి 30 సెకన్లు, మూడుసార్లు. నొప్పి తగ్గాక తొడ ముందు భాగం మెల్లగా మొదలుపెట్టవచ్చు.

బీచ్ ఇసుకలో పరుగెత్తితే మెత్తగా ఉంటుంది కదా?

అడుగు మెత్తగానే పడుతుంది, కానీ పొడి ఇసుకలో ప్రతి అడుగూ తొడ బలంతో లాక్కోవాలి. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉన్నా ఒక పక్కకి వాలి ఉంటుంది, ఒక కాలి మీదే భారం పడుతుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఆర్కే బీచ్ ఇసుక కంటే మట్టి లేదా గడ్డి గ్రౌండే నయం. ఇసుక పరుగు ఆఖరున కలపండి.

పూర్తి ఆట ఎప్పుడు?

మెట్లు దిగినా, బొడిపె నొక్కినా నొప్పి రెండు దాటకూడదు, రెండు తొడలూ సమానంగా కనిపించాలి. అప్పుడు ఒక నిమిషం నడక, ఒక నిమిషం జాగింగ్, పదిసార్లు. మర్నాడు పొద్దున మామూలుగా ఉంటే వరసగా 20 నిమిషాల జాగింగ్. తర్వాత వారం వేగం. ఆ తర్వాత వారం మలుపులు, గెంతులు. గెంతులు లెక్కపెట్టండి: మొదటి రోజు 20, బాగుంటే 30, రోజు విడిచి రోజు. ఆపైన సగం ప్రాక్టీసు, పూర్తి ప్రాక్టీసు, చివరికి మ్యాచ్. వారానికి ఒక్క మార్పే. నొప్పి ఐదు దాటితే ఒక మెట్టు వెనక్కి రండి, మొదటికి వెళ్ళక్కర్లేదు.

పది రోజుల్లో అండర్–14 సెలక్షన్లు. ఏం చేయమంటారు?

కుంటకుండా నడుస్తూ, ఆడేటప్పుడు నొప్పి ఐదు లోపే ఉంటే ఈ పది రోజులు ప్రాక్టీసు సగానికి తగ్గించి, గెంతులు ఆపి, సెలక్షన్ రోజు ఆడించవచ్చు. ఆ తర్వాత వారం విశ్రాంతి తప్పనిసరి. కుంటుతుంటే ఆడించకండి. ఆ స్థితిలో సెలెక్టర్లకి కనిపించేది పిల్లవాడి ఆట కాదు, కుంటడమే.

## తర్వాతి సంగతులు

ఎన్నాళ్ళకి పూర్తిగా తగ్గుతుంది?

నెలల్లో లెక్కపెట్టండి, వారాల్లో కాదు. 2020లో వచ్చిన ఒక డెన్మార్క్ అధ్యయనంలో 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 51 మంది, ఆట తగ్గించుకుని తొడ బలం పెంచే 12 వారాల పద్ధతి పాటించారు. పన్నెండు వారాలకి నూటికి 80 మంది మెరుగయ్యామన్నారు. కానీ ఆటలోకి తిరిగి వచ్చినవాళ్ళు అప్పటికి 16 శాతమే, ఏడాదికి 69 శాతం. ఈ అంకెలు భయపెట్టడానికి కాదు. మూడో నెలలో "ఇంకా తగ్గలేదేంటి" అని వైద్యం మార్చేయకుండా ఉండడానికి.

మా అకాడమీలో మిగతా పిల్లలకి రాకుండా కోచ్‌గా ఏం చేయగలను?

నెలకోసారి, ఒకే రోజు, ఒకే గోడ దగ్గర, చెప్పుల్లేకుండా, ఉదయం పూట ఎత్తు కొలిచి రాయండి. సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు, అందుకే ఉదయం. వరసగా రెండు మూడు నెలలు అర సెంటీమీటరు దాటి పెరుగుతున్న పిల్లవాడికి గెంతుల సంఖ్య తగ్గించి, నైపుణ్యం మీద పని పెంచండి. వారానికి కనీసం ఒకటి, వీలైతే రెండు రోజులు పూర్తి సెలవు ఇవ్వండి. అదే పిల్లవాడు స్కూల్ జట్టుకీ, మీ అకాడమీకీ, వీధి టోర్నమెంటుకీ ఆడుతున్నాడేమో అడగండి. ముగ్గురు కోచ్‌లూ తమ వరకు సరిగ్గానే ఆడిస్తారు, మొత్తం కలిపి చూసేవాళ్ళు ఉండరు.

ఆ బొడిపె పోతుందా? పెద్దయ్యాక మోకాలు అరిగిపోతుందా?

నొప్పి పోయినా బొడిపె చాలామందికి ఉండిపోతుంది. దానివల్ల కీలు అరగదు, ఎందుకంటే అది కీలు బయట ఉంటుంది. కొద్దిమందికి పెద్దయ్యాక కూడా మోకాళ్ళూని కూర్చుంటే నొప్పి వస్తుంది. టెండన్‌లో విడిగా మిగిలిన చిన్న ఎముక ముక్క అందుకు కారణమైతే, ఎదుగుదల ఆగాక ఆపరేషన్ చేసి తీసేస్తారు. ఎదుగుతుండగా ఆ చోట కత్తి పెట్టరు. ఎదుగుదల పలక దెబ్బతింటే మోకాలు వెనక్కి వంగిపోతుంది.